పైనుంచి తవ్వాలంటే

ఆ ఒయాసిస్సు ఊళ్లో ఇసుకతో పూడిపోయే నేలకింది కాలువను ఏటా కింది చివర నుంచి తవ్వడం మొదలుపెట్టేవారు. సగానికి వచ్చేసరికి డిసెంబరు వచ్చేది, ప్రభుత్వం ఆ ఏటికిచ్చిన డబ్బు అయిపోయేది. మళ్లీ నిధులు వచ్చేలోగా పై సగంలోని ఇసుక జారి కింద పేరుకునేది. అయినా కింది చివరనున్న ఇజ్జా అనే ఆవిడ ఖర్జూరపు చెట్లకు ఏటా కొన్ని నెలలైనా నీళ్లు అందేవి.

ఈసారి జిల్లా అధికారి ద్రీస్ ఊరి సభకు కొత్త మాట తెచ్చాడు. మూడేళ్లకు కలిపి ఒకటే బడ్జెట్ వేస్తారట. అయితే ఇసుక జారకుండా పైనుంచి తవ్వుకు రావాలి; కింది చివరకు చేరేది మూడో ఏడే.

"అంటే రెండేళ్లు నా చెట్లు ఎండాలా?" అంది ఇజ్జా.

"తవ్విందే తవ్వుతుంటే ఎలుకలు కూడా నవ్వుతున్నాయి వదినా," అన్నాడు సభ పెద్ద మోహా.

"నీ తోటలో బావి ఉంది, నువ్వూ నవ్వుతావులే!" అని ఆమె ద్రీస్ వైపు తిరిగింది. "మూడో ఏడు ప్రభుత్వం మారితే?"

"మారొచ్చు పెద్దమ్మా. కరువొస్తే ఆ డబ్బు వేరేచోటికి పోవచ్చు కూడా. అబద్ధం చెప్పను."

ఆ మాట ఆమెను ఆలోచనలో పడేసింది. ఇంతకుముందు వచ్చిన అధికారులందరూ అంతా సర్దుకుంటుందనే చెప్పారు. ఏటా చెట్లు బతికాయి గాని, కొత్తగా ఒక్క పిలక నాటే ధైర్యం ఆమెకు ఏనాడూ కలగలేదు.

టీ గ్లాసు కింద పెట్టి చెయ్యి ఎత్తింది.

"సరే, పైనుంచే తవ్వండి. ఈ రెండేళ్లూ మోహా బావిలో నీళ్లు తోడుకుంటాను. ఏం మరిదీ, నవ్వు ఆగిపోయిందే?"