కనబడకూడని విల్లు

క్లైవ్ చేసిన చివరి విల్లు అద్దంలా మెరిసేది. తొమ్మిది పూతల వార్నిష్ వేశాడు మరి. కొనలు వెనక్కి తిరిగిన ఆ విల్లు పట్టుకుని అతని భార్య నోరీన్ వేటకు బయల్దేరితే, జింకలు దాన్లో మొహం చూసుకుని పోతాయని వేట క్లబ్బులో అందరూ ఏడిపించేవాళ్లు. వాళ్లన్నదీ నిజమే. రెండేళ్లుగా ఆమె విల్లెత్తడం, అది తళుక్కుమనడం, జింక తుర్రుమనడం, ఇదే వరస.

పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక క్లైవ్ కుర్చీకి అతుక్కుపోయాడు. కర్ర పట్టుకుని నడవొచ్చని డాక్టర్ చెప్పినా ఎనిమిది నెలలుగా గుమ్మం దాటలేదు. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి కళ్లముందే కొయ్యబారిపోతుంటే నోరీన్‌కు భయం వేసింది. అందుకే ఏప్రిల్లో, మగజింకలు జత కోసం అరవడం మొదలుపెట్టి వేట కాలం రాగానే, విల్లు తెచ్చి అతని ఒళ్లో పెట్టింది.

"దీని మెరుపు చంపెయ్. ఈ ఏడన్నా జింక మాంసం తిందాం," అంది.

నా తొమ్మిది పూతలూ గీకెయ్యమంటావా అని మండిపడ్డాడు. రెండు రోజులు మాట మానేశాడు. మూడోనాడు పొద్దున ఆమె లేచేసరికి వంటింటి బల్ల మీద వార్నిష్ గీకే ఉక్కుపీచు, రంగు డబ్బాలు పరుచుకుని కూర్చున్నాడు. యూకలిప్టస్ బెరడు ముక్క పక్కన పెట్టుకుని, దాన్ని చూస్తూ ఎడమచేత్తో బూడిదరంగు, మట్టిరంగు స్పాంజితో అద్దుతున్నాడు. చిన్నచిన్న ఆకులు గీస్తే దూరానికి అంతా ఒకే నల్లకర్రలా కనిపిస్తుందట, అందుకని అడ్డంగా పెద్ద మచ్చలు వేశాడు. వారం పట్టింది. పని కాగానే మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు.

శనివారం అడవిలో పదిహేను అంగల దూరంలో మగజింక నిలబడింది. విల్లెత్తినా తల తిప్పలేదు. బాణం తగిలాక నోరీన్ వేటగాళ్లందరిలాగే, జింక ఎక్కడో పడిపోయేదాకా అరగంట ఆగి నెత్తురు జాడ పట్టింది. కనిపించిన ప్రతి చుక్క దగ్గరా కొమ్మకు నారింజరంగు రిబ్బను కట్టింది. జాడ పొదల్లోకి దూరితే, విల్లును ఒక చెట్టుకు ఆనించి పాకుతూ వెళ్లింది. ఆ చెట్టుకు మాత్రం రిబ్బను కట్టలేదు.

జింక దొరికింది. విల్లు దొరకలేదు. అన్ని చెట్లదీ ఒకటే బెరడు. చివరికి నేల మీద కూర్చుని ఏడ్చేసింది. అతను ఇంకో విల్లు చెయ్యలేడు. ఈ మాట వింటే ఉన్న కాస్త ప్రాణమూ పోతుందేమోనని దారంతా ఆమెకు అదే భయం.

ఇంటికొచ్చి కుర్చీ పక్కన నిలబడి జరిగిందంతా చెప్పింది. క్లైవ్ ఆమె వైపు తిరిగాడు.

"ఎంతసేపు వెతికావు?"

"నాలుగు గంటలు. ఒక్కో చెట్టూ తడిమాను."

"ఎంత దూరంలో ఉంటుంది?"

"ఆ పొదల చుట్టుపక్కలే. యాభై అడుగులు కూడా ఉండదు. తిట్టు క్లైవ్, ఊరుకోకు."

అతను తిట్టలేదు. మూతి ఒక పక్కే కదిలింది గానీ అది నవ్వే.

"నాలుగు గంటలు! అదీ నెత్తురు చుక్క పట్టేసే నీ కళ్లకే కనబడలేదు. ఎడమచేత్తో వేశానే అది."

తర్వాత కర్ర అందుకుని, బూట్లు ఎక్కడ పెట్టావని అడిగాడు. ఆమె పరుగున తెచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. ఆత్రంగా లేసులు కడుతుంటే ముడి పడడం లేదు.

"నెమ్మదిగా కట్టవే," అన్నాడు క్లైవ్. "ఇవాళ దొరక్కపోతే రేపూ వెళ్దాం."