కొలిచి పోసిన నీళ్లు

పొద్దున్నే లేవగానే ఆమె చేసే మొదటి పని, అత్తగారి సీసాలో లీటరు నీళ్లు నింపి మూత బిగించడం. రోజంతటికీ అంతే. గుండె బలహీనపడి కాళ్లు ఉబ్బిన మనిషికి టీ, పాలు, మందు మింగే గుక్కతో సహా లీటరు దాటకూడదన్నాడు డాక్టరు. టీ ఇచ్చినప్పుడల్లా సీసాలోంచి ఆ కొలత నీళ్లు తీసేస్తుంది. నోరు పిడచకట్టుకుపోతోందంటే తడిగుడ్డతో పెదాలద్దుతుంది. చూడటానికి వచ్చిన ఆడపడుచు ఊరుకుంటుందా? "మా వదిన మా అమ్మకి నీళ్లు కూడా కొలిచి పోస్తోంది!" అని చుట్టాలందరికీ ఫోను చేసి మరీ చాటింపు వేసింది.

కొలవడం ఆమె ఉద్యోగం. పదిహేనేళ్లుగా వార్డులో ఎవరి ఒంట్లోకి ఎన్ని నీళ్లు పోయాయో, ఎన్ని బయటికొచ్చాయో గంటగంటకూ రాస్తోంది. తను మాత్రం డ్యూటీలో గొంతు తడుపుకోదు. సిస్టర్ల బాత్రూం రెండంతస్తుల కింద ఉంది. ముప్ఫై మంది రోగుల్ని ఎవరికప్పగించి వెళ్తుంది? అక్కడి సిస్టర్లందరిదీ ఇదే అలవాటు. ఆ అలవాటు పుణ్యమా అని ఒకసారి మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చి మూలుగుతుంటే మొగుడు, "నర్సువై ఉండి నీళ్లు తాగాలని తెలీదా?" అని నవ్వి టీవీ వైపు తిరిగాడు. నవ్వినందుకు కాదు, ఎందుకు తాగలేదని అడగనందుకు ఆమెకు ఏడుపొచ్చింది. పక్కన మనిషి ఉండగానే ఇంత ఒంటరితనం ఎక్కడినుంచి వస్తుందో ఆమెకు తెలియలేదు.

ఆడపడుచు వెళ్లిన వారానికి అత్తగారికి వాంతులు పట్టుకున్నాయి. మాట తడబడింది. కన్నకొడుకునే "ఎవరు బాబూ నువ్వు?" అంది. కోడలు పనిచేసే వార్డులోనే చేర్చారు. నీళ్లెక్కువై రక్తంలో ఉప్పు పలచబడిందన్నారు. ఎలా ఎక్కువయ్యాయి? రాత్రుళ్లు పక్క మంచాల మధ్య తిరుగుతూ తననే అనుమానించుకుంది, ఎక్కడ లెక్క తప్పానా అని. మొగుడికి ఆ అనుమానం కూడా లేదు. తోటి సిస్టర్ల ముందే, "ఇంట్లో నర్సుని పెట్టుకుని ఇదా మా అమ్మ గతి? ఇక చాలు. ఈ ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండి చూసుకో. డిశ్చార్జి అయ్యేలోగా రాజీనామా ఇచ్చెయ్" అన్నాడు. తలొంచుకుని సెలైన్ సరిచేసింది. తప్పు తనదే అయితే ఏం నోరెత్తగలదు?

నాలుగో రోజున అత్తగారికి తెలివొచ్చింది. కోడలు ఒళ్లు తుడుస్తుంటే గొంతు తగ్గించి, "నా కొడుకు బంగారం. నువ్వు గడప దాటగానే చెంబు నిండా నీళ్లిచ్చేవాడు. నీ కోడలికి చెప్పకమ్మా అనేవాడు" అంది. కోడలితోనే చెప్పేశానని పాపం ఆవిడకు తట్టలేదు. ఆమెకు ముసలావిడ మీద కోపం రాలేదు. దాహమంటే ఏమిటో తనకు తెలియనిదా?

డిశ్చార్జి రోజున మొగుడు సంచీ సర్దుకుంటూ, "రాజీనామా ఇచ్చేశావా?" అన్నాడు. ఆమె స్టూలు లాగింది.

"కూర్చోండి. రోజుకి లీటరే, టీ, పాలు అందులోకే. పొద్దున్నే బరువు చూసి రాయాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, మాట తడబడినా వెంటనే తీసుకురావాలి."

"ఇవన్నీ నాకెందుకు? నీకు తెలుసుగా."

"నాకు తెలుసు. చెంబుతో పోసింది మీరు."

అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ కళ్లు మూసుకుంది.

"అమ్మ దాహమంటే చూడలేకపోయాను..."

"తెలుసు. అందుకే నేర్చుకోండి."

డిశ్చార్జి కాగితం మీద 'ఇంటి దగ్గర చూసుకునేవారు' అన్నచోట హెడ్ సిస్టర్ ఏమీ రాయకుండా వదిలేసింది. చూసుకునేది ఎలాగూ కోడలేగా, రాయక్కర్లేదనుకుంది కాబోలు. ఆమె అక్కడ 'కొడుకు' అని రాసి, కలం అతని చేతిలో పెట్టింది.

"సంతకానికి ముందు నేను చెప్పినవన్నీ మీరు తిరిగి చెప్పాలి. ఇక్కడ అందరినీ అడుగుతాం."

"మరి నువ్వో?"

"నేను రాజీనామా ఇవ్వట్లేదు. రేపు పొద్దుటి డ్యూటీ నాదే. చెప్పండి, వింటున్నాను."