వంతెనకు పుట్టిన కవల

తర్లుపాడు అవతల వాగు మీదున్న పాత వంతెనకు కవల పుట్టిందని అందరికంటే ముందు విన్నది కృపారాణి. విన్న వెంటనే ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే.

"రెండింట్లో పెద్దదేది?"

"ఈ బ్రిడ్జి మీ తాతల నాటిది అక్కా. అది పోయిన నెలలో పుట్టింది," అంది ఇంజినీరు హారిక.

"అట్లయితే కవల ఎట్లయితాది? మా పక్క ఒక్క కాన్పులో పుడితేనే కవలలంటారు."

హారిక మార్కాపురంలో బట్టల దుకాణం వాళ్ల అమ్మాయి. బేరాలాడే జనం మధ్య పెరిగింది కాబట్టి కోపం తెచ్చుకోలేదు. ల్యాప్‌టాప్ ఇటు తిప్పి చూపించింది. వంతెన కింద చిన్న చిన్న పెట్టెలు బిగించారు. పైన బండి పోయినప్పుడల్లా వంతెన ఎంత వంగిందో, ఎంత ఊగిందో అవి చెబుతాయి. కంప్యూటర్‌లోని వంతెన కూడా అలాగే వంగి, ఊగి, ఒంట్లో బలం ఎంత మిగిలిందో లెక్క కడుతుంది. దాన్ని డిజిటల్ ట్విన్ అంటారట. ఒంట్లో బాగాలేదని తేలితే బస్సును వాగు చుట్టూ తిరిగిపోయే పై దారికి మళ్లిస్తారు.

ఆ చివరి మాటకు కృపారాణి చేతిలో బోండా పిండి చేతిలోనే ఉండిపోయింది. వంతెన మొదట్లో ఆమె బంకు. బస్సు ఆగేది దాని ముందే. పై దారిలో బజ్జీల బండి పెట్టుకున్నది ఎవరో కాదు, సాక్షాత్తూ ఆమె ఆడబిడ్డ మగ్దలీనమ్మ. బస్సు అటు పోయిందంటే బంకు మూసుకోవాల్సిందే. వార్త ఇంకా ఆఫీసు గడప దాటకముందే మగ్దలీనమ్మ పెద్ద బాండలి కొనేసింది. ఆదివారం చర్చి బయట నిలబెట్టి, "నా కొత్త బాండలి చూసినావా కృపా?" అని అడిగింది కూడా. అంత ప్రేమగా ఆవిడ కృపారాణి పెళ్లినాడు కూడా పలకరించలేదు.

కృపారాణికి తెలియని సంగతంటూ లేదు. వాన ఎప్పుడొస్తుందో, ఎవరి కోడలు ఎందుకు అలిగిందో, పాస్టరు ఈ వారం ఏం చెబుతాడో, అన్నీ ముందే చెప్పేది. సగం తప్పేవి. అయినా చెప్పడం మానలేదు. అలాంటి మనిషికి వంతెన ఒక లెక్కా? ఎక్కువ ఊగితే జబ్బు, తక్కువ ఊగితే ఆరోగ్యం. ఊగకుండా చేస్తే సరిపోలా!

అవి ఉలవ పంట ఇంటికొచ్చే రోజులు. ఆ పక్క రైతులు కాయలతో ఎండిన ఉలవ మొక్కలను, అదే ఉలవ కట్టెను, తెచ్చి తారు రోడ్డు మీద పరుస్తారు. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతే కాయలు పగిలి గింజలు రాలతాయి.

"ఏబేలన్నా, ఈసారి మీ కట్టె బ్రిడ్జి మీద పరుచుకోండి. మట్టి కలవదు. మేకలు రాకుండా నేను చూసుకుంటా," అంది కృపారాణి.

ఏబేలు సంబరపడిపోయాడు. అతన్ని చూసి వీరాంజనేయులు, ఆయన్ని చూసి తక్కినవాళ్లు. ఆ చివర నుంచి ఈ చివరకు వంతెన మీద పరుపు వేసినట్టయింది. బండ్లు మెత్తగా, నెమ్మదిగా పోసాగాయి. డ్రైవరెవడైనా జోరు చేయబోతే కృపారాణి బంకులోంచే కేకేసేది: "మెల్లగా పో నాయనా, గింజలు ఎగిరిపోతాండాయి!" వంతెన కిక్కురుమనలేదు. వదిన ఇక ఆ బాండలిలో పిల్లలకు నీళ్లు పోయొచ్చు అనుకుని ఆమె తనలో తనే నవ్వుకుంది.

నూర్పిడి ముగిసి కట్టె ఎత్తేసిన రోజే హారిక వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. ఎక్కడ వాసన పట్టిందో, వెనకాలే మగ్దలీనమ్మ కూడా దిగింది.

"ఏమన్నాది మేడం మీ కవల? బాగుందనింది కదా?" అంది కృపారాణి.

"బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు అక్కా. తెలీదంది."

కృపారాణి నోరు తెరిచింది. "ఇంత పని చేసి, తెలీదని చెప్పేదానికా అది పుట్టింది?"

హారిక తెర చూపించింది. మధ్యలో ఒక గీత, అది వంతెన బలం. గీతకు రెండు వైపులా ఒక నీడ. మొన్నటిదాకా వేలెడంత ఉన్న నీడ ఇప్పుడు తెరంతా పరుచుకుంది.

"వంగడం చూస్తే ముసలి బ్రిడ్జి. ఊగడం చూస్తే కొత్త బ్రిడ్జి. రెండూ ఒకదానివే అంటే ఇది నమ్మడం లేదు. ఈ నీడంతా మాకు తెలియనిది."

"తెలియనిది కూడా గీస్తారా?"

"తప్పకుండా గీయాలి. నీడ పై అంచు నిజమైతే ఇది ఇంకా చాలా ఏళ్లు నిలబడుతుంది. కింది అంచు నిజమైతే నిండు బస్సు దీని మీద ఎక్కనే కూడదు. ఏది నిజమో తెలియదు కాబట్టి రేపటి నుంచి బస్సు పై దారిన పోతుంది."

"దేవునికి స్తోత్రం," అంది మగ్దలీనమ్మ, చిన్నగానే.

కృపారాణి ఆవిడ వైపు చూడలేదు. ఆమె చూపు ఆ కింది అంచు మీదే ఉంది. రాతి పలకల పనికి పోయే మొగుడు యోసేపు రోజూ సాయంత్రం నిండు బస్సులో, మెట్టు మీద వేలాడుతూ ఈ వంతెన మీదుగానే ఇంటికొస్తాడు. తను వేసిన పరుపు కింద ఏముందో ఆమె ఒక్కసారైనా ఆలోచించలేదు. వదిన ముందు నోరు విప్పడం చావుతో సమానం. కానీ ఏ అంచు నిజమో తేలకపోతే ఇక తిండి సయించదు.

"మేడం, కవల తప్పేం లేదు," అంది. "నేనే దాని కళ్లకు ఉలవ కట్టె కప్పినా."

మొత్తం చెప్పేసింది. మగ్దలీనమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. హారిక నవ్వలేదు, తిట్టలేదు. వంతెన అతుకులో ఇరుక్కున్న ఉలవ గింజను గోటితో తీసి చూసి, "ఆ కట్టె ఇంకా ఉందా?" అని అడిగింది.

"ఏబేలన్న దొడ్లో వామి వేసినాడు."

"తెప్పించక్కా. మళ్లీ పరవాలి."

మర్నాడు ఒకే ఖాళీ బస్సు, ఒకే వేగంతో, కట్టె మీద ఒకసారి, ఊడ్చాక ఒకసారి పోయింది. పరిచిందీ ఊడ్చిందీ కృపారాణే. మగ్దలీనమ్మ చీపురు ముట్టలేదు గానీ, "అదో, అక్కడ కొంచెం మిగిలినాది," అని గట్టున కూర్చుని చక్కగా చూపించింది. ఉలవ కట్టె చేసే మాయ ఎంతో కవలకు తెలిసింది. దాన్ని తీసేసి లెక్క కట్టింది. నీడ సన్నబడింది. గీత మాత్రం కృపారాణి కోరుకున్నదానికంటే కిందికి దిగింది.

బాగుచేసేదాకా పలకల లారీలన్నీ పై దారిన పోవాలని ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. బస్సు రావచ్చు, కానీ ఖాళీగా దాటాలి. జనం ఈ చివర దిగి, నడిచిపోయి, ఆ చివర ఎక్కాలి.

ఈ చివర అంటే బోండాల బంకు.

మొదటి సాయంత్రమే బంకు ముందు తిరునాళ్లయింది. యోసేపు దిగాడు. అతని వెనకాల మగ్దలీనమ్మ దిగింది, వాగు అవతల తమ్ముడింట్లో ప్రార్థన కూడిక ఉందని. లారీ డ్రైవర్ల పుణ్యాన ఆవిడ బాండలికీ తీరిక లేదు. అయినా నాలుగు బోండాలు పొట్లం కట్టించుకుని, ఒకటి కొరికి, ఉప్పు తక్కువైందని చెప్పి, వంతెన వైపు చూసింది. ఆవిడ మొహం కాస్త చిన్నబోయింది.

"నిలబడతాదంటావా కృపా, ఇది?"

ఏది అడిగినా తడుముకోకుండా చెప్పే కృపారాణి వాగు వైపు చూసింది. ఖాళీ బస్సు నెమ్మదిగా అవతలికి పోతోంది.

"తెలీదు వదినా," అంది. బుద్ధెరిగాక ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. "నడిచి పోదాం పా."

బంకు మూసి, పొట్లం తను తీసుకుని, వదిన చెయ్యి పట్టుకుంది.