తొడుక్కునే రోజు కొలత

మారేడ్‌పల్లి మార్కెట్ వెనక సందులో ప్రేమమణి రోజూ పదింటికి షట్టర్ ఎత్తుతుంది. మిషన్‌కి చుక్క నూనె వేసి, టేపు మెడలో వేసుకుని, చాయ్ తాగుతూ మొదటి గిరాకీ కోసం చూస్తుంది. ఆ టేపు ఇవాళ్టి కొలత చెప్పదు. జాకెట్టు ఏ రోజు తొడుక్కుంటారో ఆ రోజు కొలత చెబుతుంది. అందుకే సీమంతానికి కుట్టించుకునేవాళ్లు మూడో నెలలోనే వచ్చి కొలతలిచ్చి పోతారు. పెళ్లిలోపు పది కిలోలు తగ్గుతామని కోతలు కోసే పిల్లలంటే ప్రేమమణికి మహా సరదా. "ఏడ తగ్గుతవ్ బిడ్డా, అంగుళం పెరుగుతున్నవ్!" అని పకపకా నవ్వుతుంది.

లీలాకుమారి సైనిక్‌పురి నుంచి ఇరవై ఏళ్లుగా ఇక్కడికే వస్తోంది. రెండేళ్ల కిందట క్యాన్సరొచ్చి ఆవిడ ఎడమ రొమ్ము తీసేశారు. ఆ సంగతి భర్తకి, కూతురు యామినికి, ప్రేమమణికి తప్ప ఎవరికీ తెలియదు. జాకెట్టు లోపల దూది కప్పు కుట్టాలి కదా, టైలర్ దగ్గర ఏం దాస్తాం! చుట్టాలందరికీ గర్భసంచి ఆపరేషన్ అని చెప్పేశారు. తల్లికి క్యాన్సరంటే పిల్లకి సంబంధం కుదురుతుందా అని లీలాకుమారి భయం.

డాక్టరమ్మ అప్పుడే అన్నీ విడమరిచి చెప్పింది. తీసేసిన రొమ్ము చోట పెట్టే సిలికాన్ ఇంప్లాంట్ టేబుల్ మీద పెట్టి "పట్టుకుని చూడండి" అంది. ఇది పెడితే ఆపరేషన్ చిన్నది, కానీ కొన్నేళ్లకి మార్చాల్సి రావచ్చు. లేదంటే పొట్ట దగ్గరి కొవ్వు, చర్మం తీసి రొమ్ములా మలుస్తారు. అది పెద్ద ఆపరేషన్, కోలుకోవడం ఆలస్యం. ఏదీ వద్దనుకున్నా తప్పేం లేదు. చివర్లో ఇంకో మాట అంది: "ఈ జబ్బు మీ వంశంలో ఉందేమో రక్తపరీక్షలో తెలుస్తుంది. మీ అమ్మాయి కోసమైనా చేయించుకోండి."

లీలాకుమారి అన్నిటికీ తలూపి, ఏదీ చేయించుకోలేదు. రిపోర్టంటూ ఒకటి ఇంట్లో ఉంటే ఎవరి కంటో పడుతుందని.

సంబంధం కుదిరింది. పెళ్లి నాలుగు నెలలుందనగా తల్లీకూతుళ్లు కొలతలివ్వడానికి వచ్చారు.

"జెర చేతులెత్తు బిడ్డా," అని ప్రేమమణి టేపు చుట్టింది. చూసింది. మళ్లీ చుట్టింది. తర్వాత ఎడమ వైపు విడిగా కొలిచింది.

"ఎంత ఆంటీ? తగ్గానా?" యామిని నవ్వుతోంది.

ప్రేమమణి నవ్వలేదు. "లీలమ్మా, ఎట్ల చెప్పాలె... ఎడమ దిక్కు ఏం లేదమ్మా. మీ కొలతనే వస్తున్నది."

లీలాకుమారి స్టూలు మీద కూలబడింది. "అయ్యో నా తల్లీ! డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. నేనే నోరు మూసుకు కూర్చున్నానే!" అని నెత్తి కొట్టుకుంది.

మర్నాడే ఆస్పత్రికి వెళ్లారు. స్కానింగ్‌లో చేతికి తగలనంత లోపల శనగగింజంత గడ్డ కనిపించింది. ముక్క తీసి పరీక్షకి పంపితే క్యాన్సరే. మూడు వారాలకి వచ్చిన రక్తపరీక్ష రిపోర్టులో వంశపుదేనని తేలింది.

"నొప్పి లేదు, గడ్డ తగల్లేదు. మరి ఎలా తెలిసి వచ్చారు?" అంది డాక్టరమ్మ.

"మా టైలర్ చెప్పింది," అంది లీలాకుమారి.

డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంది. "మంచిపని చేసింది. ఏడాది ఆగుంటే ప్రాణానికి భయం లేదని నేను చెప్పగలిగేదాన్ని కాదు. రొమ్ము తీసేయాలమ్మా. కావాలంటే అదే ఆపరేషన్‌లో ఇంప్లాంట్ పెట్టొచ్చు."

"ముందు తీసేయండి. మిగతాది తర్వాత ఆలోచిస్తా," అంది యామిని. తల్లి వైపు తిరిగింది. "పెళ్లివారికి పొద్దున్నే నేనే ఫోన్ చేసి చెప్పేశానమ్మా. ఆలోచించుకుంటామన్నారు."

లీలాకుమారి పైట భుజం నిండా లాక్కుంది.

"అమ్మా, నీది ఒకసారి చూపించు. ఎలా ఉంటుందో తెలియాలి నాకు."

రెండేళ్లుగా మొగుడి ముందు కూడా లైటు ఆర్పి చీర మార్చుకున్న మనిషి. లేచి పరీక్ష మంచం దగ్గర తెర లాగి, పైట తీసి, ఒక్కో హుక్కూ విప్పింది. యామిని ఎడమవైపు ఆపరేషన్ కుట్ల గీత మీద అరచెయ్యి పెట్టింది.

"నొప్పిగా ఉందా?"

"లేదమ్మా. అక్కడ నాకేం తెలియదు. నువ్వు చెయ్యి పెట్టావని కళ్లతో చూస్తేనే తెలుస్తోంది."

యామిని ఏడ్చేసింది, చెయ్యి మాత్రం తియ్యలేదు. లీలాకుమారి తల వంచి ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.