మిరపపళ్ళూ నల్లగొడుగూ

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నాలుక ఈ ఇస్త్రీపెట్టె కింద పెట్టెయ్.

ఇస్త్రీ పిన్ని పొద్దున్నే బొగ్గులు రాజేసి, నీళ్ళు చిలకరించి, కొత్తగా వచ్చిన బట్టలకు పేర్లు పెట్టేది. ఎర్రకోటుకు పచ్చ కాలరున్న సిపాయిలు మిరపపళ్ళు. గాలికి అంగీ ఉబ్బే చర్చి ఫాదరు నల్లగొడుగు. ఆమె పెట్టె తగిలిన బట్ట ఆ పేరుతో పిలిస్తే లేచి వచ్చేసేది, లోపల మనిషున్నా సరే. ఓసారి "నల్లగొడుగూ, నీ బొత్తాం ఇక్కడుందయ్యా!" అని కేకేస్తే, ప్రసంగం మధ్యలో ఉన్న ఫాదరు వీధులన్నీ దాటి గుమ్మంలో వచ్చి పడ్డాడు.

"కబురంపితే నడిచొద్దును కదమ్మా," అని రొప్పుతూ బొత్తాం కుట్టించుకుని వెళ్ళాడు.

రెండు వరసల పసుపు బొత్తాలతో మెరిసిపోయే కొత్త కెప్టెను మాత్రం కోటు ఇవ్వలేదు.

"నీ నోట్లో పడి నవ్వులపాలు కాను."

"మీ ఇష్టం బాబూ. పాపం, పేరులేని కోటు," అంది పిన్ని.

ఆ వారమే చర్చి గంట కరిగించి ఫిరంగి పోయాలని సర్కారు హుకుం వచ్చింది. ఫాదరు ఇవ్వనన్నాడు. ఆయన్ని జైల్లో వెయ్యడానికి కెప్టెను వీధినిండా మిరపపళ్ళను వెంటేసుకుని బయల్దేరాడు. ఆ జైలుకెళ్ళిన ముసలివాళ్ళెవరూ తిరిగొచ్చింది లేదు.

పిన్ని నడుం మీద చేతులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"ఒరే మిరపపళ్ళూ! పెద్దాయన మీద చెయ్యేశారో, మీ కోటు నేను ముట్టను. రండి ఇటు!"

కోట్లన్నీ గిర్రున వెనక్కి తిరిగాయి. లోపలి సిపాయిలు గింజుకున్నారు గానీ, నిజం చెప్పొద్దూ, ఎవడూ గట్టిగా గింజుకోలేదు. కొట్టు చాలక అటకెక్కి కూర్చున్నారు.

"ముందుకు నడవండి!" అని ఖాళీ వీధిలో కెప్టెను అరుస్తుంటే, చర్చి పైనుంచి గంట గణగణా మోగింది. పిన్ని తలెత్తి, తనే ఆ గంట పోతపోసినట్టు చూసింది.

సాయంత్రానికి కెప్టెను కోటు విప్పి బల్లమీద పెట్టాడు. "నాకేం పేరు పెడతావు?"

"మొక్కజొన్నపొత్తు."

మూతి ముడిచాడు. తర్వాత అద్దంలో చూసుకుని మీసం తిప్పాడు. ఫాదర్ని పట్టుకురమ్మని పైనుంచి మళ్ళీ హుకుం వచ్చింది గానీ, పిన్ని కేకేసిన కోటు ఆమె పొమ్మనేదాకా ఈ కొట్టు గుమ్మం దాటితేగా! ఫాదరు తన మంచం మీదే, తన గంట వింటూ పోయాడు.

అదిగో, మోగుతోంది. ఈ మొక్కజొన్నపొత్తు కోటు ఆ ముసలి కెప్టెనుకిచ్చి, వస్తూ వస్తూ బొగ్గులు పట్టుకురా. దారిలో కోటు పేరు మాత్రం పలక్కు, నీ వెంటే తిరిగొచ్చేస్తుంది.