పదో బావి

ఇల్లూడ్చి, తుడిచి, అందరికీ కాఫీలిచ్చాక ఇంద్రాణికి రోజూ ఇంకో పని ఉంటుంది. నట్టింట్లో అద్దం కట్టించి వేలాడదీసిన ఊరి మ్యాపును కొంగుతో తుడవడం. "దాని జోలికి పోవాకు, అద్దం పగులుతాది" అని మొగుడు రాఘవేంద్ర పన్నెండేళ్లుగా అంటూనే ఉన్నాడు. దేవుడి పటాలకు ఎంత దుమ్ము పట్టినా ఆయన కంటికి ఆనదు గానీ ఈ మ్యాపు మీద మాత్రం మహా శ్రద్ధ. కింద ఆయన పేరుంది మరి. "గీసినవారు: రాఘవేంద్ర, వాటర్‌షెడ్ కమిటీ అధ్యక్షులు" అని.

గీసింది ఇంద్రాణి. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు, ఎవరూ అనరు. పన్నెండేళ్ల కింద గుమ్మఘట్ట నుంచి వాటర్‌షెడ్ ఆఫీసు వాళ్లు జీపులో వచ్చి, ఊళ్లో నీళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చావిడి ముందు నేల మీద ముగ్గుపిండితో వెయ్యమన్నారు. కాగితమైతే చదువుకున్నవాళ్లే గీస్తారు, నేల మీదైతే ఎవరైనా గీస్తారని వాళ్ల పద్ధతి. మగవాళ్లు చుట్టూ నిలబడి, ఊరి పక్కన పారే వంక తూర్పుకు పోతుందా ఈశాన్యానికి పోతుందా అని అరగంట వాదులాడుకున్నారు. ఏ బావి ఏ నెలలో ఎండుతుందో ఒక్కరికీ తెలియలేదు. తెలియడానికి వాళ్లెప్పుడైనా బిందె మోశారా? "ముగ్గులేసే చెయ్యి, మా ఇంటామెను పిలుచుకొస్తా ఉండండి" అన్నాడు రాఘవేంద్ర. ఇంద్రాణి పొయ్యి మీది పప్పు దించి వచ్చి, మధ్యాహ్నం దాకా వంచిన నడుము ఎత్తకుండా ఊరినంతా నేల మీద పెట్టింది. ఇళ్లకు రాళ్లు, బోర్లకు పుల్లలు, బావులకు తంగేడు పూలు. తొమ్మిది బావులకు తొమ్మిది పూలు పెట్టాక చేతిలో ఒక పువ్వు మిగిలింది. దాన్ని వంక గట్టు మీద పెట్టింది. ఆలోచించి పెట్టింది కాదు, చెయ్యి దానంతట అదే అటు పోయింది.

అంతకు నాలుగు నెలల ముందు ఆమెకు ఆడపిల్ల పుట్టి, ఏడవకుండానే పోయింది. ఆ రోజు రాఘవేంద్ర రాయదుర్గంలో మీటింగులో ఉన్నాడు. అత్త రామలక్ష్మమ్మ బిడ్డను పాత పంచెలో చుట్టి, పనికొచ్చే మారెక్క చేతికిచ్చి పంపింది. "తల్లికి చోటు తెలియకూడదు. తెలిస్తే మళ్లీ కడుపు నిలవదు" అని అందరి నోళ్లూ కట్టేసింది. సాయంత్రం వచ్చిన మొగుడు, "అయిపోయినదానికి ఏడ్చి ఏం లాభం" అన్నాడు. ఎక్కడ పెట్టారని అడగలేదు. కన్న తండ్రి కదా, ఒక్కమాట అడగొచ్చు. ఆనాడూ అడగలేదు, తర్వాతా అడగలేదు. బిడ్డ పోయిన రెండు నెలలకు, శనక్కాయలు పెరికేటప్పుడు మారెక్కే మెల్లగా చెప్పింది. "వంక గట్టున కానగ చెట్టు కింద పెట్టినామక్కా. లోతుగానే తవ్వినాంలే, నక్కలు రావు."

ఆఫీసు వాళ్లు పూలు లెక్కపెట్టుకుని కాగితం మీద పది నీలం చుక్కలు పెట్టారు. పది బావులు. తప్పని చెప్పబోయి ఇంద్రాణి ఆగిపోయింది. చెబితే ఆ చుక్క కొట్టేస్తారు. ఆ బిడ్డకు ఫోటో లేదు, పేరు లేదు, ఎవరి నోటా మాటలేదు. ఈ భూమ్మీద దానికున్న గుర్తల్లా ఆ చుక్కే. ఆనాటి నుంచి ఆ మ్యాపంటే ఆమెకు ప్రాణం. తర్వాత ఇద్దరు పుట్టారు, పెరిగి బడికి పోతున్నారు. అయినా తుడిచే నెపంతో రోజూ ఆ పదో చుక్క మీద వేలు పెట్టి కాసేపు నిలబడుతుంది. "అద్దంలో మొకం చూసుకుంటాండావా ఏంది?" అని అత్త దెప్పుతుంది. దెప్పనీ.

ఈ పొద్దున అలా నిలబడి ఉండగానే రాఘవేంద్ర ఫోను పెట్టేసి కాఫీ గ్లాసు అందుకున్నాడు.

"పాత బావుల పూడిక తీసే పని వచ్చినాది. పదో బావి కాడికి జేసీబీ పోయింది. మ్యాపు చూపించంగానే ఇంజనీరు మేడమ్ ఒప్పుకునింది."

ఇంద్రాణి వేలు అద్దం మీదే ఆగిపోయింది. "ఆడ బావి యాడుండాది?"

"మ్యాపులో ఉండాది గదా. తాతల కాలం నాటిది, పూడిపోయింటాది. నీకేం తెలుసు, పోయి దోసెలు వెయ్యి."

పన్నెండేళ్లు తన పేరు చూసుకుని చూసుకుని, ఆ మ్యాపు తానే గీశానని నమ్మేశాడు పాపం.

ఇంద్రాణి పొయ్యి ఆర్పి బయటికి నడిచింది. రాఘవేంద్ర ఏదో అరుస్తూ వెంటబడ్డాడు. వంక గట్టు చేరేసరికి జేసీబీ కానగ చెట్టు కొమ్మలు విరిచి పక్కన పడేసింది. ఇంజనీరమ్మాయి ప్రసూన మ్యాపు నకలు పట్టుకుని నిలబడి ఉంది. ఇంద్రాణి వెళ్లి ఆ ఇనుప తొట్టి ముందు కూర్చుంది. డ్రైవరు ఇంజన్ ఆపాడు.

"ఈడ బావి లేదమ్మా" అంది ప్రసూనతో.

"మ్యాపులో ఉంది కదక్కా."

"ఆ మ్యాపు గీసింది నేను. తప్పు గీసినా."

"దానికి తలకాయ తిరుగుతాంది మేడమ్, పట్టించుకోవాకండి" అన్నాడు రాఘవేంద్ర రొప్పుతూ.

ఇంద్రాణి ఆయన వైపు చూడలేదు. "ఇది బావి కాదు. నా బిడ్డను పెట్టిన చోటు."

రాఘవేంద్ర కానగ చెట్టును చూశాడు, నేలను చూశాడు. కాళ్ల కింద ఏముందో అప్పుడు తెలిసినట్టు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయేమో, ఇంద్రాణికి చూడాలనిపించలేదు.

ప్రసూన మెల్లగా పెన్ను తీసింది. "ఈ చుక్క కొట్టేస్తానక్కా."

"కొట్టేయొద్దు తల్లీ. బావి అన్న మాట తీసేసి, దాని పేరు రాయి."

"పేరు పెట్టలేదు మేడమ్" అన్నాడు రాఘవేంద్ర.

"సువర్ణ" అంది ఇంద్రాణి. పన్నెండేళ్లుగా లోపల పిలుచుకుంటున్న పేరు. నోటితో అనడం ఇదే మొదలు.

ప్రసూన రాసుకుంది. రాసి, ఆయన వైపు తిరిగి, "మీ ఇంటిపేరేంటి సార్?" అని అడిగింది.

ఆయన నోరు తెరిచేలోపే ఇంద్రాణి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ ఇంట్లో దానికోసం ఒక్కరూ ఏడ్చింది లేదు. ఇంటిపేరు వద్దమ్మా. ఇంద్రాణి కూతురు అని రాయి."