నీళ్ల పరీక్ష నెగ్గిన రేసు సైకిల్

ఏ సైకిల్‌కు ఎందుకు పేరొస్తుందో ముందే చెప్పగలిగినవాడు ఇంతవరకు పుట్టలేదు. మా సడ్డకుడు ఐలన్న మాత్రం తాను పుట్టాననే అనుకున్నాడు. అతను చేసిన ఫ్రేము తర్వాతి రోజుల్లో పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా బాగానే తిరిగింది. ఎందుకు తిరిగిందని అడిగితే ఊరికొక కథ చెప్తారు. అసలు సంగతి నాకు తెలుసు, ఎందుకంటే అది మొదలైన రోజున దాని మీద మోకాళ్లు చెవులకు తగిలేలా కూర్చున్నది నేనే.

నా భార్య మల్లవ్వ, ఐలన్న భార్య నర్సింహమ్మ అక్కాచెల్లెళ్లు. ఆ ఒక్క పాపానికి 1989 ఎండాకాలమంతా నేను సైకిల్ శాస్త్రం వినాల్సి వచ్చింది.

అంతకుముందు మేమిద్దరం ఒకే ఫ్యాక్టరీలో ఉండేవాళ్లం. మందుల కంపెనీలకు పెద్ద పెద్ద ఉక్కు ట్యాంకులు చేసే ఫ్యాక్టరీ అది. నేను టైమాఫీసులో గుమస్తాను. ఎవడు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చాడో రాయడం నా పని కాబట్టి నాకు స్నేహితులు తక్కువ. ఐలన్న వెల్డర్. అతను వేసిన అతుకు మీద వేలు పెట్టి రాస్తే అది ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలిసేది కాదు. అయితే మిగతావాళ్లు షిఫ్టుకు నాలుగు అతుకులు వేస్తే, ఇతను ఒకటి వేసి, దాని చుట్టూ మూడుసార్లు తిరిగి మురిసిపోయేవాడు.

ఫోర్‌మన్ బర్నబా సారు ఓపికగల మనిషే. ఆరేళ్లు ఓర్చుకున్నాడు. ఏడో ఏడు ఒకరోజు పదిమంది ముందు అనేశాడు.

"ఐలన్నా, నీ చేతికి పని తెలుసు గని గడియారం తెల్వదు. జెర జల్దీ చెయ్యరాదా?"

ఐలన్న ముఖానికున్న కవచం తీసి బల్ల మీద పెట్టాడు. "జల్దీ అంటే ఏందో సూపిస్త సారూ" అన్నాడు. తిన్నగా నా కిటికీ దగ్గరికొచ్చి, హాజరు కార్డు నా చేతిలో పెట్టి, గేటు దాటి వెళ్లిపోయాడు. ఆ పని మాత్రం నిజంగానే జల్దీ చేశాడు.

జల్దీ చూపించడానికి అతనికి దొరికిన దారి రేసు సైకిల్. అప్పట్లో ఆఫీసర్ల కాలనీల్లో పిల్లలంతా బీఎమ్మెక్స్ అనే పొట్టి సైకిళ్ల మీద ఉండేవాళ్లు. ఏదో పాత పత్రికలో విదేశాల్లో ఆ సైకిళ్ల పందెం బొమ్మ పడితే, దాన్ని కత్తిరించి ఐలన్న జేబులో పెట్టుకుని తిరిగాడు. మట్టి దిబ్బ మీది నుంచి ఒకడు సైకిల్‌తో సహా గాల్లోకి లేచిన బొమ్మ అది.

"అన్నా, గీ ఫ్రేముకు గింత పేరెందుకొచ్చిందో తెలుసా?" అన్నాడు నాతో.

"తెల్వది. తెలుసుకోవాలని కూడ లేదు" అన్నాను.

"పొట్టిగున్నది, గట్టిగున్నది. అందుకే గంత ఎత్తు నుంచి పడ్డా ఇరుగుతలేదు. కంపెనోడు గింత సన్న గొట్టం పెడితేనే గింత పేరొస్తే, మనం దొడ్డు గొట్టం పెడితే ఎంత పేరొస్తది?"

ఈ లెక్కలో తప్పెక్కడుందో నాకు అప్పుడే తెలిసింది. చెబితే ఇంకో గంట వినాల్సి వస్తుందని నోరు మూసుకున్నాను. మా ఇంట్లో రోడ్డు వైపు గది అతని సైకిల్ దుకాణానికి ఇచ్చింది కూడా నేను కాదు, మల్లవ్వ. చెల్లెలి మొగుడు రోడ్డున పడితే ఎట్లా అని నన్ను అడగకుండానే ఇచ్చేసింది.

ఐలన్న బాయిలర్ గొట్టాలు తెచ్చాడు. ఏళ్ల తరబడి ట్యాంకులు చేసినవాడికి మందం మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు. నెలన్నర కూర్చుని పెద్దవాళ్లకు సరిపోయే బీఎమ్మెక్స్ ఫ్రేము ఒకటి అతికాడు. చూడడానికి ముచ్చటగానే ఉంది. ఎత్తబోతే గ్యాస్ బండ ఎత్తినట్టుంది.

ఆ తర్వాత ప్రపంచంలో ఏ సైకిల్ వాడూ చేయని పని చేశాడు. ఫ్రేముకు చిన్న బెజ్జం పెట్టి, లోపల నిండా నీళ్లు పోసి, చేతి పంపుతో ఒత్తిడి ఎక్కించి, ఒక గంటసేపు మీటరు ముల్లు వైపు చూస్తూ కూర్చున్నాడు. మా ఫ్యాక్టరీలో ట్యాంకు కారుతుందో లేదో చూడడానికి అట్లాగే చేస్తారు.

"ఓరి, సైకిల్ల ఏం పోస్తవ్‌రా, గంజి నీళ్లా? అది కారితే ఏంది, కారకపోతే ఏంది?" అని అరిచాను.

"అతుకన్నంక నీళ్ల పరీక్ష పాస్ కావాలె అన్నా" అన్నాడు శాంతంగా. పరీక్ష పాసయింది. ఒక్క చుక్క కూడా బయటికి రాలేదు. ఒంపినా మూలల్లో ఉన్న నీళ్లు రాకుండా లోపలే ఉండిపోయాయి, అది వేరే సంగతి.

అసలు తిప్పలు చైను బిగించేటప్పుడు వచ్చాయి. వెనక గొట్టాలు అంత దొడ్డుగా ఉంటే పెడల్ దగ్గరుండే పెద్ద పళ్ల చక్రం పడుతుందా? గొట్టానికి రాసుకుంటోంది. గొట్టం నొక్కి చదును చేయవయ్యా అంటే, పరీక్ష పాసైన గొట్టాన్ని ముట్టుకోనన్నాడు. చివరికి పూరీ అంత చక్రం వెతికి తెచ్చి బిగించాడు. దాంతో పెడల్ ఎన్నిసార్లు తిప్పినా సైకిల్ మాత్రం బెత్తెడు బెత్తెడు కదిలేది. ఆ సైకిల్ మీద ఎర్ర రంగుతో 'ఐలన్న రేసింగ్' అని రాయించాడు.

రెండు నెలలు అది దుకాణం ముందు నిలబడింది. వచ్చినవాళ్లు చూశారు, మెచ్చుకున్నారు, ఎత్తబోయి నడుం పట్టుకుని వెళ్లిపోయారు. ఒక్కడు ఎక్కి తొక్కితే ఒట్టు. ఏప్రిల్ నెలాఖరున, మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి వెళ్లి వచ్చి అలసిపోయి ఉన్న నర్సింహమ్మ మా అందరి ముందూ మాట తేల్చింది.

"మే డే దాక సూస్త. నువ్వు గాక ఇంకో మనిషి నీ సైకిలెక్కి ఆటల్ల తొక్కితే, నీ దుకాణం నీది, నేనేమన. లేకుంటే మర్నాడు పొద్దుగాల బర్నబా సారు దగ్గరికి పోయి కొలువు అడగాలె. నీ జాగల సారు ఇంక ఎవర్నీ పెట్టుకోలేదట."

ఐలన్న సరేనన్నాడు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదని మల్లవ్వ చెప్పింది. బర్నబా సారు ముందు మళ్లీ చేతులు కట్టుకుని నిలబడడం అంటే అతనికి ప్రాణం పోయినట్టే. అంత బాధ అతని ముఖంలో చూశాక నాకు కోపం కూడా సరిగా రాలేదు.

మే డే నాడు అన్ని ఫ్యాక్టరీల యూనియన్లూ కలిసి పటాన్‌చెరు మైదానంలో ఆటలు పెట్టాయి. మొదటిది సైకిల్ పందెం, ముత్తంగి దాకా పోయి రావాలి. ఎవరూ సైకిల్ అడగలేదు కాబట్టి ఐలన్నే ఎక్కాడు. అతను గెలిస్తే జనం ఎగబడతారని అతని ఆశ. కాళ్లు కుట్టుమిషన్ లాగా ఆడాయి. సైకిల్ మాత్రం పెళ్లి ఊరేగింపులో ఉన్నట్టు కదిలింది. మొదట వచ్చినవాడు గ్లూకోజ్ నీళ్లు తాగి, బహుమతి తీసుకుని, ముత్తంగిలో తన ఇంటికి భోజనానికి పోతూ ఐలన్నను వెనక నుంచి మళ్లీ దాటాడు. అప్పటికి ఐలన్న ఇంకా ముత్తంగి చేరలేదు.

మైకు పట్టుకున్న యూనియన్ యాదన్న నోరు ఊరుకుంటుందా? "ఇంకొక్క సైకిల్ రావాల్సున్నది. వస్తది. ఇయ్యాలనే వస్తది" అని ప్రతి ఐదు నిమిషాలకూ చెప్పాడు. మైదానమంతా నవ్వింది. ఆడవాళ్ల షామియానా కింద నర్సింహమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

ఐలన్న వచ్చి దిగాడు. ఒళ్లంతా చెమట. తుండు తీసి తన ముఖం కాదు, సైకిల్ తుడిచాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది, కళ్లు కూడా మండాయి.

"ఇటు తే" అని సైకిల్ లాక్కున్నాను. "నువ్వు గాక ఇంకో మనిషి ఎక్కాలె, గంతే గదా? నేను మనిషిని గానా?"

అప్పుడు మొదలయ్యేది నిదానం సైకిల్ పందెం. ఫ్యాక్టరీ ఆటల్లో ఇది తప్పకుండా ఉంటుంది. సున్నపు గీతల మధ్య వంద అడుగులు తొక్కాలి, కాలు నేల మీద పెట్టకూడదు, వెనక్కి పోకూడదు, అందరికన్నా ఆఖరున గీత దాటినవాడు గెలిచినట్టు. ఏడేళ్లుగా దీనిలో స్టీలు బకెట్ గెలుస్తున్నది బర్నబా సారే. ఆ ఇంట్లో నీళ్లకు లోటున్నా బకెట్లకు లోటు లేదు.

పదకొండు మందిమి వరుసగా నిలబడ్డాం. నేను సీటు మీద కూర్చుంటే మోకాళ్లు చెవుల దాకా వచ్చాయి. జనం ఇంకా నవ్వారు. ఈల మోగింది. నిజం చెబుతున్నాను, నాకు ఆ విద్యలో ఓనమాలు రావు. రోజూ ఇంటికి పోయేటప్పుడు ఎట్లా తొక్కుతానో అట్లాగే తొక్కాను. పెడళ్లు గిరగిరా తిరిగాయి, సైకిల్ బెత్తెడు బెత్తెడు నడిచింది. ఆ బరువుకు అటూ ఇటూ ఒరగనే లేదు. మిగతావాళ్లు ఆపబోయి పడ్డారు, పడబోయి కాలు పెట్టారు. చివరికి బర్నబా సారూ నేనూ మిగిలాం. సారు హ్యాండిల్ అటు తిప్పి ఇటు తిప్పి, చెమటలు కక్కుతూ నా వైపు చూశాడు. నేను హాయిగా తొక్కుతూనే ఉన్నాను. సారు సైకిల్ గీత దాటింది. నేను ఇంకా రెండు గజాలు వెనకున్నాను.

యాదన్న స్టీలు బకెట్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత జనం సైకిల్ మీద పడ్డారు. ఎవరో దాన్ని పక్కకు వంచితే బెజ్జం నుంచి నాలుగు చుక్కల నీళ్లు కారాయి. "అరే, లోపల నీళ్లున్నయిరా! అందుకే పడుతలేదు" అన్నాడొకడు. ఇంకేం, ఆ వారమంతా మంచి మంచి కంపెనీ సైకిళ్లకు బెజ్జాలు పెట్టించి నీళ్లు పోయించుకున్నారు. అవి తుప్పు పట్టాయి తప్ప నిదానించలేదు.

"మాకొకటి చెయ్యి, పంద్రాగస్టు ఆటలకు కావాలె" అని ఆరు యూనియన్లవాళ్లు ఐలన్న చుట్టూ మూగారు. అప్పుడు ఐలన్న అన్న మాటకు నా చేతిలో బకెట్ జారిపోయింది.

"చెయ్య. గిది రేసు సైకిల్. మెల్లగ పోవాలంటే నడిచి పోండ్రి."

ఇంటికొచ్చాక నర్సింహమ్మ బతిమాలింది. "బావ తొక్కిండు గదయ్యా. నా మాట చెల్లింది. కొలువు అడగొద్దు, దుకాణం నడుపు."

"నవ్వులపాలైన సామాన్‌తోని దుకాణం నడప" అన్నాడు. "జల్దీ సూపిస్తనని చెప్పొచ్చిన. లోకమంత నా మెల్లతనాన్నే మెచ్చుకుంటున్నది. పోయి సారుకు దండం పెడత."

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీకి బయలుదేరాం. నా సైకిల్ ఇంట్లోనే వదిలి నేను నడుస్తున్నాను. ఐలన్న ఆ సైకిలే ఎక్కి నా పక్కన తొక్కుతున్నాడు. గేటు ముందు వేప చెట్టు కింద బర్నబా సారు నిలబడి, మేము వస్తున్నంతసేపూ కళ్లార్పకుండా చూశాడు. ఐలన్న దిగి, తలవంచి, గొంతు సవరించుకున్నాడు. సారే ముందు మాట్లాడాడు.

"ఐలన్నా, మీ అన్న నడుస్తుంటే ఒక్క అడుగన్న ముందుకు పోకుంట వచ్చినవ్. కాలు గూడ పెట్టలే."

"ఇది గంతే పోతది సారూ."

"నాకొకటి చేసియ్యి." సారు గొంతు తగ్గించాడు. "మా ఇంటామె దయావతి సైకిల్ వెనక కూసోదు, భయం. చర్చికి ఆమె నడుస్తది, నేను పక్కపొంటి తొక్కుకుంట పోత. ఇరవై ఏండ్ల సంది గంతే. గందుకే ఆ బకెట్లన్ని నాకే వచ్చినయి. ఇప్పుడు ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఇంక మెల్లగ నడుస్తున్నది. నా సైకిల్ అంత మెల్లగ పోతలేదు. ముందుకు పోయి నిలబడితే, నన్నిడిచిపెట్టి పోయినవని అంటది."

ఐలన్న తలెత్తి, జేబులోంచి టేపు తీశాడు. తర్వాత, "అమ్మ అడుగు ఎంతుంటది సారూ?" అని అడిగాడు.

అంతే, మొదలుపెట్టాడు. గొట్టం మందం, చక్రం పళ్లు, సీటు వాలు, నీళ్ల పరీక్ష, ఒక్కటి వదలలేదు. ఆ ఎండాకాలంలో ఆ శాస్త్రాన్ని చివరిదాకా విన్న మొదటి మనిషి బర్నబా సారు. మధ్యలో ప్రశ్నలు కూడా వేశాడు. సైరన్ మోగింది. షిఫ్టు వాళ్లంతా లోపలికి పోతూ ఆగి చూశారు, ఎందుకంటే ఫోర్‌మన్ గేటు స్తంభం పట్టుకుని ఒంటి కాలి మీద నిలబడి ఉన్నాడు, ఐలన్న మోకాళ్ల మీద కూర్చుని రెండో కాలికి టేపు పెట్టి కొలుస్తున్నాడు. ఆ రోజు ఆలస్యంగా వచ్చినవాళ్ల పట్టీలో రెండే పేర్లు రాశాను. ఒకటి సారుది, రెండోది నాది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఐలన్న మా గది గచ్చు మీద సుద్దతో కొత్త ఫ్రేము గీస్తున్నాడు. నర్సింహమ్మ గుమ్మంలో నిలబడి అడిగింది.

"సారేమన్నడు? కొలువిస్తనన్నడా?"

ఐలన్న తలెత్తి ఆమెను చూశాడు, నన్ను చూశాడు, చేతిలో సుద్ద అట్లాగే పట్టుకుని ఆలోచించాడు.

"అరే" అన్నాడు, "అడగనే లేదు గద!" ఆమె వైపు ఒకసారి ఎగాదిగా చూశాడు. "సరే గని, నువ్వు జెర గా గోడ దాక నడువు. నీ మామూలు నడకనే, తొందరేం లేదు. దయావతమ్మ అడుగు ఎంతుంటదో నాకు అంచనా కావాలె."